తలనొప్పే కదా అని...

గత సంచికలో కంటి పరీక్షలను గురించి వ్రాసినప్పుడు, ఆరోగ్య విషయాలలో సందేహాలున్నవారు చీటీ వ్రాసి పంపవలసిందిగా పాఠకులను కోరియున్నాను. వచ్చిన చీటీలలో ఒకటి మెయింటెనెన్సు విభాగంలో పనిచేసే ఒక యువ సోదరునిది. చక్కని దస్తూరి. "డాక్టరు గారికి నమస్కారములు. నా భార్యకు ఇది తొలిచూలు. ఎనిమిదవ నెల నడుస్తున్నది. మూడు రోజులుగా తలనొప్పిగా ఉన్నదంటున్నది. రాత్రి షిఫ్టులో తల బరువెక్కినప్పుడు నేను వేసుకొనే మాత్ర ఇంటిలో ఉన్నది. అందులో సగం ఆమెకు ఇవ్వవచ్చునా? దయచేసి వచ్చే సంచికలో తెలుపగలరు."

వచ్చే సంచికలో! చీటీ మీది తేదీ చూస్తే అది వ్రాసి అప్పటికే నాలుగు రోజులయినది. కార్యాలయపు టపా సంగతి మనందరికీ తెలిసినదే. నేను వెంటనే ఆయన విభాగానికి ఫోను చేసి, ఆ సాయంత్రమే భార్యను ఆసుపత్రికి తీసుకొని రావలసిందిగా చెప్పాను. తరువాత జరిగిన సంగతి చివర వ్రాస్తాను. ముందు ఆయన అడిగిన ప్రశ్నను తీసుకొందాం. ఎందుకంటే అది ఆయన ఒక్కరి ప్రశ్న కాదు. మన క్వార్టర్లలో ప్రతి రెండవ ఇంటిలోను ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న పుడుతూనే ఉంటుంది. చాలామంది అడగకుండానే మాత్ర వేసేస్తారు. ఈయన కనీసం అడిగారు.

గర్భిణికి తలనొప్పి రావడం వింత విషయం కాదు. ముఖ్యంగా మొదటి మూడు నాలుగు నెలలలో ఇది సర్వసాధారణం. శరీరంలోని హార్మోనులు వేగంగా మారుతూ ఉంటాయి. రక్తం పరిమాణం పెరగడం మొదలై, నెలలు నిండేసరికి మామూలుకన్నా 40 నుండి 50 శాతం వరకు హెచ్చుతుంది. వేవిళ్ళ వలన తిన్నది నిలువదు, త్రాగిన నీరు చాలదు. నిద్ర చెదరిపోతుంది. ఆ స్థితిలో శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి ఉపవాసం అంటూ పూటలు మానివేసేవారికి సాయంత్రమయ్యేసరికి కణతలు నొప్పెట్టడంలో ఆశ్చర్యమేమున్నది? దేవునిమీద భక్తిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కడుపుతో ఉన్న స్త్రీకి ఉపవాసాల నుండి మినహాయింపు ఇచ్చే ఆచారం మన ఇళ్ళలో అనాదిగా ఉన్నదే. దానిని వాడుకోమని మాత్రమే నా మనవి.

కాఫీ సంగతి ఒకటి చెప్పాలి. పెళ్ళికి ముందునుండీ రోజుకు మూడు నాలుగు సార్లు ఫిల్టరు కాఫీ త్రాగే అలవాటున్న అమ్మాయికి, నెల తప్పగానే ఆ వాసన పడక ఒక్కసారిగా మానివేసే సందర్భం తరచు చూస్తాము. అలా మానిన ఒకటి రెండు రోజులలో తల దిమ్ముగా, నొప్పిగా ఉండటం కాఫీ మానినందువలననే. నాలుగైదు రోజులలో అదే సర్దుకొంటుంది. కాఫీ పూర్తిగా మానవలసిన అవసరం కూడా లేదు. గర్భిణులు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీనుకు మించకుండా ఉంటే చాలునని ప్రసూతి వైద్య నిపుణుల సలహా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాక్షను కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుండి 65, తేనీటిలో 30 నుండి 65 మిల్లీగ్రాముల కెఫీను ఉంటుంది. అనగా చిన్న కప్పుతో రెండు సార్లు అయితే ఇబ్బంది లేదు. అయితే భోజనానికి ముందు ఒక గంట, తరువాత ఒక గంట వాటి జోలికి పోరాదు. ఆహారంలోని ఇనుము వంటికి పట్టకుండా అవి అడ్డుపడతాయి.

ఇనుము ప్రస్తావన వచ్చింది కనుక మరొక మాట. రక్తహీనత కూడా తలనొప్పికి కారణమవుతుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో 52 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. జీతం బాగానే వచ్చే మన ఉద్యోగుల కుటుంబాలు ఇందుకు మినహాయింపు అనుకొంటే పొరపాటు. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు మలం నల్లగా వస్తున్నదనో, వికారంగా ఉన్నదనో బీరువాలో దాచిపెట్టే సోదరీమణులను నేను ప్రతి వారం చూస్తున్నాను. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే అది రక్తహీనతే.

ఈ రకమైన సాధారణ తలనొప్పికి మొదటి చికిత్స మందు కాదు. పెద్ద గ్లాసుతో మజ్జిగో నీళ్ళో త్రాగి, ఏదైనా కొంచెం తిని, వెలుతురు తక్కువగా ఉన్న గదిలో ఎడమ ప్రక్కకు తిరిగి ఒక గంట పడుకోవాలి. నుదుటిమీద తడిగుడ్డ వేసుకోవచ్చు. ఎవరైనా మెడను, భుజాలను మృదువుగా మర్దన చేస్తే ఇంకా మంచిది. నుదుటికి కొంచెం అమృతాంజనం రాసుకోవచ్చునా అని అడుగుతారు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో ప్రారంభించిన నాటినుండి తెలుగువారి తలనొప్పికి అదే కదా మొదటి ఆలోచన! నుదుటికి కొద్దిగా రాసుకొంటే దోషం లేదు. ఒళ్ళంతా పట్టించడం మాత్రం తగదు. శొంఠి గంధం సంగతీ అంతే. పలుచగా రాయండి, చర్మం మండేటంత దట్టంగా వద్దు.

అప్పటికీ తగ్గకపోతే పారాసెటమాల్. ఒక 500 మిల్లీగ్రాముల మాత్ర, అవసరమైతే రెండు. మళ్ళీ వేసుకోవలసివస్తే కనీసం ఆరు గంటల వ్యవధి ఉండాలి. వరుసగా రెండు రోజులకు మించి అవసరపడుతున్నదంటే డాక్టరుకు చూపించవలసినదే. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం ఈ మందుకు, పిల్లలలో ఆటిజమ్‌కు సంబంధం ఉండవచ్చునని ప్రకటించిన తరువాత చాలామంది భయపడుతూ నన్ను అడిగారు. అటువంటి సంబంధాన్ని నిర్ధారించే శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే నెలలో స్పష్టం చేసింది. అంతకుముందు 2024లో స్వీడన్ దేశంలో సుమారు 25 లక్షల మంది పిల్లల వివరాలను పరిశీలించి, తోబుట్టువులను ఒకరితో ఒకరిని పోల్చి చూసినప్పుడు కూడా అటువంటి సంబంధమేదీ కనిపించలేదు. అవసరమైనప్పుడు, అవసరమైనంత వరకే వాడినట్లయితే గర్భిణికి నొప్పి మందులన్నింటిలో నేటికీ ఇదే మేలైనది.

ఇక మన సోదరుని మాత్ర. దాని పేరు అడిగితే చెప్పారు. పారాసెటమాల్‌తో బాటు ఐబుప్రొఫెన్ కలిసిన మాత్ర అది. మన దేశంలో ఇటువంటి జంట మందుల మాత్రలు కిళ్ళీకొట్టులో అడిగినా దొరుకుతాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి 20 వారాల తరువాత గర్భిణి వాడినట్లయితే బిడ్డ మూత్రపిండాలపై ప్రభావం చూపి, ఉమ్మనీరు తగ్గే ప్రమాదమున్నది. ఏడవ నెల దాటిన తరువాత బిడ్డ గుండె దగ్గర, పుట్టిన తరువాతనే మూసుకోవలసిన ఒక రక్తనాళం కడుపులోనే మూసుకొనే ప్రమాదం కూడా ఉన్నది. కనుక సగం కాదు, పావు కూడా ఇవ్వరాదు.

పార్శ్వపు నొప్పి అలవాటున్నవారు మరింత జాగ్రత్త వహించాలి. వీరిలో సగానికి పైగా స్త్రీలకు నాలుగవ నెల తరువాత నొప్పి దానంతటదే తగ్గుముఖం పడుతుంది. అయితే పెళ్ళికి ముందు వాడిన మందుల చీటీ పట్టుకొని అవే మళ్ళీ కొనరాదు. ఎర్గోటమైన్ కలిసిన మాత్రలు గర్భాశయాన్ని సంకోచింపజేస్తాయి. పార్శ్వపు నొప్పి రాకుండా కొందరికి ఇచ్చే వాల్‌ప్రొయేట్ బిడ్డలో అవయవ లోపాలకు కారణమవుతుంది. ఇవి వాడుతున్నవారు గర్భం దాల్చే ఆలోచన ఉన్నప్పుడే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి.

ఇంతవరకు చెప్పినది తేలిక విషయం. అసలు విషయం అయిదవ నెల దాటిన తరువాత మొదలవుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక తెల్లవారుజామున ఒక సహోద్యోగి భార్యను జీపులో ఆసుపత్రికి తెచ్చారు. తొమ్మిదవ నెల. ఇంటిలో ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఇరుగుపొరుగువారు ఆదరాబాదరా చేతిలో తాళాలగుత్తి పెట్టారు, పళ్ళ మధ్య చెంచా దూర్చారు. ఆమెకు అయిదు రోజులుగా తలనొప్పి. కళ్ళ ముందు మెరుపులు మెరిసినట్లున్నదని చెబితే, చూపు మందగించిందని భావించి భర్త కళ్ళజోడు దుకాణానికి తీసుకొని వెళ్ళాడు. అద్దాలు ఆ మరునాడు రావలసియున్నవి. ఆమె రక్తపోటు 180/120. తల్లిని కాపాడగలిగాము. బిడ్డ దక్కలేదు. ఆ అయిదు రోజులలో ఏ ఒక్కనాడైనా, ఎవరైనా ఆమె చేతికి రక్తపోటు పట్టీ చుట్టి ఉంటే ఆ ఇంటి కథ వేరుగా ఉండేది. ఆ భర్త ఆమెను పట్టించుకోలేదని అనలేము. పట్టించుకొన్నందువల్లనే కదా కళ్ళజోడు దుకాణం దాకా వెళ్ళాడు. తలనొప్పికి, రక్తపోటుకు ఉన్న సంబంధం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఈ వ్యాధిని మన పెద్దలు గుర్రపువాతమనే పేరుతో ఎరుగుదురు. వైద్యులు ఫిట్స్ వచ్చిన దశను ఎక్లాంప్సియా అని, అంతకు ముందటి దశను ప్రీ ఎక్లాంప్సియా అని అంటారు. ఆ మాటకు గ్రీకు భాషలో మూలార్థం మెరుపు. దీనికి మూలం మాయలో ఉన్నది. గర్భం నిలిచిన తొలి నెలలలో మాయకు రక్తం అందించే నాళాలు బాగా విప్పారవలసి ఉండగా, కొందరిలో అవి సరిగా విప్పారవు. రక్తం చాలని మాయ నుండి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి చేరి, ఒంటిలోని రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తాయి. అందువలన రక్తపోటు పెరుగుతుంది. మూత్రపిండాల నుండి ప్రొటీను కారిపోతుంది. మెదడు, కళ్ళు, కాలేయం కూడా దెబ్బ తింటాయి. తల్లికి తెలిసేది మాత్రం తలనొప్పే. ఒక్కొక్కసారి అదికూడా ఉండదు. అందుకే నెలనెలా పరీక్షకు వచ్చినప్పుడు, ఏ బాధా లేకపోయినా, రక్తపోటు, మూత్రం చూస్తాము. పూర్వం మూత్రాన్ని పరీక్ష నాళికలో కాచి తెల్లని మడ్డి కడుతుందేమో చూసేవారు. ఇప్పుడు ఒక కాగితపు పుల్ల ముంచితే నిమిషంలో తెలుస్తుంది.

కనుక నియమం ఒక్కటే. 20 వారాలు దాటిన గర్భిణికి కొత్తగా తలనొప్పి వచ్చినా, విడువకుండా ఉన్నా, అదే రోజు రక్తపోటు చూపించాలి. మాత్ర వేసుకొంటే తగ్గింది కదా అని ఊరుకోరాదు. 140/90 లేక అంతకు మించి ఉంటే ఆ రోజే డాక్టరు చూడాలి. 160/110 ఉంటే అది అత్యవసర పరిస్థితి. రాత్రి రెండు గంటలయినా బయలుదేరవలసినదే. తలనొప్పితో బాటు చూపు మసకబారడం, మెరుపులు కనబడటం, కుడివైపు ప్రక్కటెముకల క్రింద లేక పొట్ట పైభాగాన నొప్పి, వాంతులు, ముఖము చేతులు హఠాత్తుగా ఉబ్బడం, మూత్రం తగ్గడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అంకె కోసం కూడా ఆగవద్దు. పాదాలు సాయంత్రానికి కొంచెం వాయడం మామూలే, దానికి బెదరనవసరం లేదు. పొద్దున్న లేవగానే ఉంగరం వేలికి బిగిసిపోయిందంటే మాత్రం చూపించండి. ఒక్కసారిగా, పిడుగు పడినట్లు వచ్చిన తలనొప్పి, జ్వరంతోను మెడ బిగువుతోను వచ్చినది, కాలో చేయో తిమ్మిరెక్కి మాట తడబడేది ఏ నెలలోనైనా అత్యవసరమే. దోమల బెడద ఉన్న ప్రాజెక్టు ప్రాంతాలలో చలిజ్వరంతో కూడిన తలనొప్పి గర్భిణికి వస్తే మలేరియా పరీక్ష ఆ రోజే చేయించాలి.

ఇప్పుడు చాలా ఇళ్ళలో అత్తగారి కోసమో మామగారి కోసమో కొన్న రక్తపోటు యంత్రం ఉంటున్నది. సంతోషమే. కాని మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టి, అంకె చూసి గాభరాపడటం కద్దు. అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి బల్లమీద గుండె ఎత్తులో ఉండాలి. పట్టీని చీర చెంగుమీదనో జాకెట్టు చేతిమీదనో చుట్టరాదు. అంకె ఎక్కువ వచ్చిందని అదే బీరువాలోని మామగారి బి.పి. మాత్ర వేయడం మహాపరాధం. టెల్మిసార్టన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటివి బిడ్డ మూత్రపిండాలకు హాని చేస్తాయి. గర్భిణులకు ఇచ్చే మందులు వేరు. యంత్రం చూపిన అంకె మామూలుగా ఉన్నా, తలనొప్పి తీవ్రంగా ఉంటే యంత్రం మాట కాక మనిషి మాట వినండి.

ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని ముందుగానే గుర్తించవచ్చు. తొలిచూలు, కవలలు, వయసు 35 దాటినవారు, స్థూలకాయం, ముందునుండి రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, గత కాన్పులో ఈ వ్యాధి, తల్లికో అక్కచెల్లెళ్ళకో ఉండటం ఇవన్నీ మొదటిసారి వచ్చినప్పుడే చెప్పాలి. వీరిలో తగినవారికి 12 వారాల తరువాత, 16 వారాలు నిండకముందే తక్కువ మోతాదు యాస్పిరిన్ ప్రారంభిస్తే వ్యాధి వచ్చే అవకాశం తగ్గుతుంది. ఇది తలనొప్పికి వాడే మోతాదు కాదు, ఎవరికివారు మొదలుపెట్టేదీ కాదు. కాల్షియం విషయం అందరికీ వర్తిస్తుంది. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన ఆదేశాల ప్రకారం 14 వారాల నుండి రోజుకు రెండు 500 మిల్లీగ్రాముల మాత్రలు, కాన్పయిన ఆరు నెలల వరకు. ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి వేసుకోరాదు.

ఫిట్స్ రాకుండా ఆపడానికి, వచ్చినవాటిని అదుపు చేయడానికి మెగ్నీషియం సల్ఫేట్ అనే మందు ఉన్నది. చాలా చవకైనది. ఫిట్స్ వచ్చినవారికి మిగతా మందులకన్నా ఇదే మేలని 1995లో మన దేశపు ఆసుపత్రులు కూడా పాల్గొన్న అధ్యయనంలో తేలింది. 2002లో 33 దేశాలలో పదివేలమందికి పైగా స్త్రీలపై జరిపిన మరొక అధ్యయనం, ఇది ముందుగానే ఇస్తే ఫిట్స్ వచ్చే అవకాశం సగానికి తగ్గుతుందని నిరూపించింది. సింగ్రౌలీలోనో, కోర్బాలోనో, తాల్చేరులోనో దూరపు క్వార్టర్లలో ఉంటున్నవారు ఇది గుర్తుంచుకోవాలి. పెద్ద ఆసుపత్రి ఎంత దూరమున్నా, దగ్గరి ఆసుపత్రిలో మొదటి మోతాదు ఇప్పించుకొని బయలుదేరడం ప్రాణాధారం. ఇంటిలోనే ఫిట్స్ వస్తే ఎడమ ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, నోటిలో ఏదీ పెట్టక, నీళ్ళు పోయక, 108కు ఫోను చేయండి. తాళాలగుత్తి తాళానికే పనికివస్తుంది.

కాన్పయిపోయింది, గండం గడిచిందనుకొనేవారికి ఒక హెచ్చరిక. ఈ రక్తపోటు కాన్పు తరువాత కూడా రావచ్చు, ఆరు వారాల వరకు. పురిటి మంచంమీద ఉన్న బాలింతకు తలనొప్పి వస్తే "చలిగాలి తగిలింది, చెవులలో దూది పెట్టుకో" అంటారు. సిజేరియన్‌కు వెన్నులో మత్తు ఇంజక్షను ఇచ్చినవారిలో కొందరికి, లేచి కూర్చుంటే వచ్చి, పడుకొంటే తగ్గే తలనొప్పి ఒకటున్నది. ఎక్కువమందికి అది కొద్ది రోజులలో పోతుంది. పోకుంటే చికిత్స ఉన్నది. దానికన్నా నేను భయపడేది మరొకటి. పథ్యం పేరిట బాలింతకు నీళ్ళు తగ్గించడం కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నది. కాన్పు సమయంలో రక్తం మామూలుకన్నా సులభంగా గడ్డకడుతుంది. దానికి నీటి కొరత తోడైతే మెదడులోని సిరలలో గడ్డ ఏర్పడి, రోజురోజుకు పెరిగే తలనొప్పి, ఫిట్స్, పక్షవాతం రావచ్చు. మన దేశపు నరాల వైద్యులు దీనిని దశాబ్దాలుగా చూస్తున్నారు. అత్తగార్లకు, అమ్మలకు చేతులు జోడించి చెబుతున్నాను: కారప్పొడి, వెల్లుల్లి మీ ఇష్టం, కాని దాహమన్న బాలింతకు నీళ్ళివ్వండి.

ఇక చీటీ వ్రాసిన సోదరుని భార్య సంగతి. ఆ సాయంత్రం ఆమె నవ్వుతూనే వచ్చింది. తలనొప్పి కొంచెం తగ్గిందన్నది. రక్తపోటు 152/100. అరగంట ఆగి చూసినా అంతే. మూత్రంలో ప్రొటీను ఉన్నది. ఇంటికి వెళ్ళి బట్టలు తెచ్చుకొంటామంటే వెళ్ళనివ్వలేదు. మందులతో నాలుగు వారాలు నెట్టుకొచ్చి, ఆ పైన రక్తపోటు మాట వినకపోవడంతో 36వ వారంలో కాన్పు చేశాము. ఆడపిల్ల, రెండు కిలోల రెండువందల గ్రాములు. నాలుగవ రోజున పుట్టింటికి పంపమని వారి అమ్మగారు పట్టుబట్టారు. ఆ ఉదయమే తల్లి రక్తపోటు 164/108కి వెళ్ళింది, తలనొప్పి మళ్ళీ మొదలయినది. మరొక ఆరు రోజులు ఉంచుకొన్నాము. ఇప్పుడు మాత్రలు ఒక్కొక్కటిగా తగ్గిస్తున్నాము.

ఈ శీర్షికకు ప్రశ్నలు పంపేవారు ఎప్పటివలెనే చీటీ వ్రాసి కార్యాలయపు టపాలో వేయవచ్చు. గర్భిణి తలనొప్పిని గురించి మాత్రం చీటీ వ్రాయకండి. ఆమెను వెంటబెట్టుకొని రండి.